కుక్కర్‌లో పాస్‌పోర్టు

మా ఇంట్లో అసలు కాగితాలు గడప దాటవు. బయటికి వెళ్లేవాళ్ల జేబులో ఎప్పుడూ జిరాక్సే ఉంటుంది. ఇది బాపు పెట్టిన పద్ధతి. దానికి కారణం ఒక వాన.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక సాయంత్రం మూసీ నీళ్లు వెనక్కి తన్ని కిషన్‌బాగ్‌లో మా గల్లీలోకి వచ్చాయి. బియ్యం, టీవీ, పరుపులు మంచాల మీదికి ఎక్కించే హడావుడిలో బీరువా అడుగు అర సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఇంటి పత్రాలు, బాపు దుకాణం లైసెన్సు, నా పదో తరగతి మెమో అందులోనే ఉన్నాయి. నీళ్లు తీశాక చూస్తే మెమో మీద నా పేరు ఉండాల్సిన చోట ఒక నీలం మరక మిగిలింది. డూప్లికేట్ కోసం బాపు గుండీలు, లేసులు అమ్మే తన దుకాణం మూసుకుని ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. వాళ్లు ప్రతిసారీ ఇంకో కాగితం తెమ్మనేవాళ్లు. ఆ కాగితం కూడా ఆ నీళ్లలోనే పోయి ఉండేది.

అప్పటి నుంచి అసలువన్నీ గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అటకెక్కాయి. నా పాస్‌పోర్టు వచ్చిన రోజు బాపు దాన్ని నా చేతికి కూడా ఇవ్వలేదు. నన్ను వెంటబెట్టుకుని నేరుగా గల్లీ మూలనున్న జిరాక్స్ భాయ్ దగ్గరికి వెళ్లాడు.

“భాయ్, రంగుల తియ్యి. అసలు లెక్కనే ఉండాలె.”

“ఫికర్ నక్కో కరో సేఠ్. అసలుకన్న మంచిగొస్తది.”

“రెండు దిక్కుల తీసి లామినేషన్ జెయ్యి. దేశాలు తిరిగే పిల్ల, తడవద్దు.”

“ఫొటోల జర నవ్వుంటే మంచిగుండు గదమ్మా,” అన్నాడు భాయ్ నా వైపు చూసి. నేను మిషను వైపు చూశాను. నా బదులు బాపే చెప్పాడు. “ఆఫీసోళ్లే నవ్వద్దన్నరు భాయ్. లేకుంటే నవ్వుతది.”

జర్మనీకి చదువుకోవడానికి వెళ్లేటప్పుడు అమ్మ మూడు లీటర్ల కుక్కర్ కట్టి పంపింది. అక్కడ అది ఒక్కసారి కూడా పొయ్యి ఎక్కలేదు. హాస్టల్ గోడలు పలచన. విజిల్ వస్తే పక్క గదుల వాళ్లు తలుపు కొడతారేమో, కొడితే ఏ భాషలో ఏం చెప్పాలో అని నా భయం. అన్నం గిన్నెలోనే వండుకుని కుక్కర్‌ను మంచం కింద పెట్టేశాను. కొన్నాళ్లకు పాస్‌పోర్టు, నివాస కార్డు ఒక కవరులో చుట్టి అందులో దాచాను. రబ్బరు ఉన్న మూత కదా, నీళ్లు పోవు. ఫోన్లో చెబితే బాపు చాలా సంతోషించాడు. ఆయన చెప్పినట్టే నివాస కార్డుకు కూడా రంగుల కాపీ తీయించి లామినేషన్ చేయించుకుని, ఆ రెండింటినీ బ్యాగులో పెట్టుకుని తిరిగేదాన్ని. అయిదు నెలల్లో వాటిని అడిగినవాళ్లే లేరు.

మా అంతస్తులోనే, రెండు గదుల అవతల, కరీంనగర్ నుంచి వచ్చిన అక్క ఉండేది. నాకంటే మూడేళ్లు పెద్ద. చదువు అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటూ, వారాంతాల్లో ఒక బేకరీలో పని చేసేది. నేను ఎవరితోనైనా పది మాటలు మాట్లాడానంటే అది ఆమెతోనే. నా గది రెండో తాళం చెవి ఆమె దగ్గరే ఉండేది, ఎందుకంటే నేను చెవి లోపలే మరిచిపోయి తలుపు వేసుకుని రెండుసార్లు బయట నిలబడ్డాను.

సరిహద్దు నది దాటితే ఫ్రాన్స్. జర్మనీలో మేముండే ఊరి నుంచి ఒక రైలు, ఒక బస్సు ఎక్కితే రెండు గంటల్లోపే కోల్మార్ అనే చిన్న పట్టణం వస్తుంది. అక్కడ ఒక పాత గ్రంథాలయంలో అచ్చు యంత్రం రాక ముందు చేత్తో రాసిన పుస్తకాలు అద్దాల కింద పెట్టి చూపిస్తారని చదివాను. ఈ సంగతి తోటి విద్యార్థులతో అంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఒక శనివారం ఒంటరిగా బయల్దేరాను. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండాలని కోరుకున్నాను, ఉంది కూడా. వంతెన ఎప్పుడు దాటామో తెలియలేదు. దుకాణాల బోర్డులు మారాక తెలిసింది.

గ్రంథాలయంలో బ్యాగు లోపలికి తీసుకెళ్లనివ్వరు. దాన్ని పెట్టుకునే అర తాళం కావాలంటే ఏదైనా గుర్తింపు కార్డు ఉంచాలని బల్ల వెనక ఉన్న పెద్దావిడ ఇంగ్లీషులో చెప్పింది. నేను లామినేషన్ చేసిన పాస్‌పోర్టు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. వేలితో అంచు తడిమింది.

“ఇది కాపీ కదమ్మా. అసలుది?”

“ఇంట్లో ఉంది.”

“ఇల్లు ఎక్కడ?”

“జర్మనీలో.”

ఆమె కళ్లజోడు తీసింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. “వంతెన మీద వారం నుంచి తనిఖీలు చేస్తున్నారు. మా చెల్లెలు రోజూ ఆ బస్సులోనే పనికి వెళ్తుంది, చెప్పింది. జర్మనీ వైపు వెళ్లేటప్పుడే ఆపుతున్నారట. నువ్వు దీంతో వెనక్కి వెళ్లకు,” అని, నా బ్యాగు తన కుర్చీ కింద పెట్టుకుని నన్ను లోపలికి పంపింది.

నేను లోపలికి వెళ్లాను. ఇంత దూరం దేని కోసం వచ్చానో అవి నా ముందే ఉన్నాయి. తోలు మీద రాసిన నల్లటి వరసలు, బంగారు పూతతో పెద్ద అక్షరాలు, ఎవరో పక్కన గీసిన చిన్న కుందేలు. ఒకే వివరణ చీటీని నాలుగుసార్లు చదివాను, అది ఏ పుస్తకం గురించో ఇప్పటికీ చెప్పలేను. నా వీసా పొడిగింపు దరఖాస్తు వచ్చే నెలలో పెట్టాలి. కాగితాలు లేకుండా సరిహద్దు దాటిందని పోలీసులు ఒక్క ముక్క రాస్తే ఆ దరఖాస్తు ఏమవుతుంది? దాన్ని తిప్పి పంపితే బాపుకు ఏమని చెప్పాలి? ఆ కుందేలు వైపు చూస్తూ ఈ రెండు ప్రశ్నలే తిప్పి తిప్పి వేసుకున్నాను.

బయటికి వచ్చి అక్కకు ఫోన్ చేశాను. వెనకాల బేకరీ ట్రేల చప్పుడు వినిపించింది.

“ఏందే, ఫ్రాన్స్ మంచిగుందా?”

“అక్కా, నా పాస్‌పోర్టు రూంలనే ఉంది.”

“మరి ఎట్ల పోయినవ్?”

“జిరాక్స్ తెచ్చుకున్న.”

ఆమె చేతిలోని ట్రే కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించింది. “జిరాక్సా? నువ్వు రేషన్ దుకాణంకు పోయినవా, దేశం దాటినవా? ఇంత చదివినవు, గిదేం తెలివే. బస్సు ఎక్కకు. ఆడ్నే ఉండు. పాస్‌పోర్టు యాడ పెట్టినవ్?”

“మంచం కింద. కుక్కర్ల.”

“యాడా?”

“కుక్కర్ల అక్కా. నీళ్లు పోకుండ.”

“మూడో అంతస్తులకు నీళ్లెట్లొస్తయే,” అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత మూడు గంటలు ఎలా గడిపానో చెప్పడం కష్టం. కోల్మార్ అందమైన ఊరు. కొయ్య దూలాల మధ్య గులాబీ, పసుపు, నీలం గోడలు, వీధుల పక్కన కాలువ. నేను మాత్రం పోలీసులు ఎటు ఉన్నారో చూస్తూ నడిచాను. యూనిఫాంలో ఉన్న ఒకాయన ఎదురైతే పక్క సందులోకి తిరిగాను. ఆయన తపాలా మనిషి. దాహం వేసినా ఏ హోటల్లోకీ వెళ్లలేదు, ఏదో ఒకటి అడుగుతారని.

ఆ మధ్యలోనే బాపు వీడియో కాల్ చేశాడు. వెనక లేసు చుట్టల అరలు, ఆటోల హారన్లు. ఎత్తకపోతే పది సార్లు చేస్తాడు. ముఖం సరి చేసుకుని ఎత్తాను.

“ఫ్రాన్స్ సూపియ్యి బిడ్డా.”

కెమెరా కాలువ వైపు తిప్పాను.

“గీ నీళ్లు గింత సాఫ్ ఉన్నయేంది. వాసనొస్తలేదా?”

“లేదు బాపు.”

“మన మూసీని జూస్తే గీళ్లు పరేషానయితరు.” దుకాణంలో ఉన్న ఎవరికో ఫోన్ చూపించాడు. “అరే భాయ్, దేఖో, మా బిడ్డ ఫ్రాన్సుల ఉంది.” మళ్లీ నా వైపు తిరిగాడు. “కాగితాలు పైలమేనా?”

“పైలమే.”

“అసలువి ఇంట్లనే ఉన్నయి గదా?”

“ఇంట్లనే ఉన్నయి బాపు.”

“శభాష్. ఇగ ఫికర్ లేదు. తిరుగు, మంచిగ తిరుగు.”

ఫోన్ పెట్టేశాక కాలువ గట్టు మీద కూర్చుండిపోయాను. చెప్పేస్తే ఏమయ్యేది? ఏమీ చేయలేక దుకాణంలోనే అటూ ఇటూ తిరిగేవాడు, బీపీ మాత్ర మరిచిపోయేవాడు. అదీ కాక, తప్పు ఆయన మాట వినడం వల్ల వచ్చిందని ఆయనకు నేనెలా చెప్పగలను?

మూడున్నరకు బస్సు దిగిన అక్కను దూరం నుంచే గుర్తుపట్టాను. జాకెట్ కింద బేకరీ ఆప్రాన్ అలాగే ఉంది, మోచేతికి పిండి ఉంది. నా దగ్గరికి వచ్చి కవరు నా ఒళ్లో పడేసింది.

“ఇగో. నీ కుక్కర్ మూత తియ్యనీకి నా గోరిరిగింది.”

“షిఫ్ట్ రెండింటిదాక గదక్కా? అయిపోయినంక వచ్చినవా?”

“అయిపోయినంక వస్తే ఆఖరి బస్సుకే అందుతం. మధ్యలనే వచ్చిన. తలకాయ నొస్తుందని చెప్పిన ఓనర్‌కు. నువ్వు ఏడుస్తున్నవో, నీళ్లల్ల దూకినవో నాకేం తెల్సు.”

“సారీ అక్కా.”

“సారీ కాదు, ఏమన్న తినిపియ్యి. పొద్దుగాల్నుంచి బ్రెడ్డు వాసన సూసి సూసి కడుపు నిండిందనుకున్న, నిండలే.”

రెండేళ్లుగా జర్మనీలోనే ఉన్నా అక్క ఒక్కసారీ నది దాటలేదట. ప్రతి శని, ఆదివారాలు పనే. ఒక బండి దగ్గర ఉల్లిపాయ, వెన్న వేసి కాల్చిన రొట్టె కొన్నాం. అది తింటూ అక్క రంగు గోడలను చూసింది, ఒక ఫొటో దిగింది, ఆప్రాన్ కనపడకుండా జిప్పు పైదాకా లాక్కుని ఇంకోటి దిగింది. “మస్తుందే. నీ జిరాక్స్ పుణ్యం,” అంది. పాస్‌పోర్టు నా లోపలి జేబులో ఉంది. ప్రతి పది అడుగులకు ఒకసారి చెయ్యి పెట్టి చూసుకున్నా, ఆ ఇరవై నిమిషాలు నాకు ఊపిరాడింది.

నాలుగు గంటల బస్సు ఎక్కాం. పొలాలు, చిన్న ఊళ్లు వెళ్లిపోతున్నాయి. అక్క టికెట్ మళ్లీ చూపించాలేమోనని ఫోన్ తీసింది. పర్సు కోసం ఇంకో జేబు తడిమింది. జాకెట్ లోపలి జేబు తడిమింది. తర్వాత ఆప్రాన్ జేబు. ఆమె చేతులు మెల్లగా ఆగిపోవడం చూశాను.

“ఏమైందక్కా?”

“నా పర్సు బేకరీల ఉంది. లాకర్ల.”

“కార్డు?”

“అండ్లనే.”

ఆమె బేకరీ నుంచి నా గదికి పరుగెత్తింది, నా కుక్కర్ తెరిచింది, నా కాగితాలు తెచ్చింది. ఆమె కాగితాలు ఆమె దగ్గర లేవు. నా దరఖాస్తు వచ్చే నెలలో పెట్టాల్సిందైతే, ఆమెది అప్పటికే ఆఫీసులో ఉంది. ఉద్యోగం వెతుక్కునే గడువు పొడిగింపు. జవాబు కోసం ఆమె రోజూ పోస్టు డబ్బా చూసుకునేది.

“దిగిపోదామక్కా. వంతెనకు ముందే దిగుదాం. నేను పోయి తీస్కొస్త.”

“బేకరీ ఐదింటికి మూస్తరు. రేపటిదాక నేను ఈడ యాడ పండాలె? ఏం గాదు. అన్ని బస్సులు ఆపరు.”

కిటికీలో నది కనిపించింది. వంతెన మీద బస్సు వేగం తగ్గింది. అవతలి ఒడ్డున నీలం గీతల వ్యాను పక్కన ముగ్గురు పోలీసులు నిలబడి ఉన్నారు. ఒకరు చెయ్యెత్తారు.

ఎక్కింది ఒక యువతి. నాకంటే ఎంతో పెద్ద కాదు. సీటు తర్వాత సీటు చూసుకుంటూ వచ్చింది. నా పాస్‌పోర్టు, కార్డు చూసి ధన్యవాదాలు చెప్పి తిరిగి ఇచ్చింది. అక్క వైపు చెయ్యి చాచింది.

అక్కకు జర్మన్ నాకంటే చాలా బాగా వచ్చు. బేకరీలో గంటకు వంద మందితో మాట్లాడుతుంది. కానీ అప్పుడు జర్మన్ వదిలేసి ఫోన్ తీసింది. అందులో కార్డు ఫొటో ఉందని వెతుకుతోంది.

“తప్పు నాది,” అన్నాను. నా గొంతు బస్సంతా వినిపించింది. అంత గట్టిగా అనాలనుకోలేదు. “నేను పొద్దున కాగితాలు ఇంట్లో పెట్టి వచ్చాను. ఈమె నాకు తెచ్చి ఇవ్వడానికి పని మధ్యలో వచ్చింది. ఈమెవి పని చేసే చోట ఉండిపోయాయి.” క్రియలన్నీ తప్పు చోట్ల పెట్టి ఉంటాను. పోలీసు యువతి నా వైపు తిరిగింది.

“మీరు పొద్దున కాగితాలు లేకుండా దాటారా?”

“అవును.”

ఆ మాట అన్నాక గానీ ఏం ఒప్పుకున్నానో తెలియలేదు. ఆమె అక్క ఫోన్‌లోని ఫొటో చూసి తల అడ్డంగా ఊపింది. “దీన్ని సరిచూడాలి. ఈమె దిగాలి. మీవి ఉన్నాయి, మీరు వెళ్లవచ్చు.”

అక్క లేచింది. “నువ్వు పో. రూంకు పోయి ఫోన్ జెయ్యి,” అంది తెలుగులో. ఆప్రాన్ అంచు జాకెట్ కింది నుంచి వేలాడుతోంది. వాళ్లు ఆమెను వ్యానులోకి తీసుకెళ్లారు. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. బస్సులో అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. నాకు ఎప్పుడూ అన్నిటికంటే భయం అదే. తలుపు మూయబోతుంటే లేచి దిగాను.

వ్యాను తలుపు మూసి ఉంది. లోపల ఏం జరుగుతోందో కనపడలేదు. ఇద్దరు పోలీసులు వచ్చే కార్లను చూస్తూ మామూలుగా మాట్లాడుకుంటున్నారు. ఒకాయన నవ్వాడు, నా గురించేనేమో అనుకున్నాను. నది మీది గాలి చెవుల్లోకి కొట్టింది. అక్కను మళ్లీ ఫ్రాన్స్‌కే పంపేస్తారా? ఏదైనా ఊరి స్టేషన్‌కు తీసుకెళ్తారా? ఆమె దరఖాస్తు మీద ఎవరైనా ఎర్ర గీత పెడతారా? పెడితే కరీంనగర్‌లో వాళ్ల ఇంటికి ఫోన్ చేసేది ఎవరు? నలభై నిమిషాలు. డైరీలో ఆ రోజు పేజీ రాయడానికి తర్వాత చాలాసార్లు కూర్చున్నాను. ‘వంతెన, గాలి, వ్యాను’ అని మూడు మాటలు రాసి ఆపేశాను.

తలుపు తెరుచుకుంది. అక్క దిగింది. చేతిలో ఒక చీటీ ఉంది.

“నువ్వు దిగినవేందే?”

“ఏమన్నరు?”

“పేరు, పుట్టిన తారీకు కంప్యూటర్ల జూసిండ్రు. వారం లోపల అసలు కార్డు స్టేషన్ల సూపియ్యాలె. ఇంతే అన్నరు.” ఆగింది. “ఇంతేనో కాదో మరి. ఆఫీసుల ఏమంటరో.”

“నా గురించి ఏమన్న అడిగిండ్రా?”

“నీది రాసుకోలే. నువ్వు ఒప్పుకున్నవని ఆ పిల్లే నవ్వింది. ‘మీ ఫ్రెండును వకీలుగ పెట్టుకుంటే కేసు ఓడిపోతరు’ అన్నది.”

నాకు నవ్వు రాలేదు. అక్కకూ రాలేదు. వాళ్లు చూపించిన బస్టాపు వైపు నడిచాం. తర్వాతి బస్సుకు యాభై నిమిషాలుంది. బెంచీ మీద కూర్చున్నాక అక్క రెండు చేతులతో నుదురు పట్టుకుని ముందుకు వంగిపోయింది. చీటీ ఆమె మోకాలి మీద ఎగురుతుంటే నేను తీసి నాలుగు మడతలు పెట్టి పట్టుకున్నాను.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. బేకరీ ఓనర్.

“ఎత్తను,” అంది. ఫోన్ ఆగింది, మళ్లీ మోగింది. “ఎవరన్న సూసి చెప్పిండ్రు నేను బస్సెక్కినట్టు. పని కూడ పోయింది.” మూడోసారి మోగినప్పుడు తల ఎత్తకుండానే ఫోన్ నా వైపు జరిపింది. “నువ్వు మాట్లాడు. ఇయ్యాల నీకు జర్మన్ మంచిగొస్తుంది.”

నేను ఫోన్లో ఎవరితోనూ మాట్లాడను. పిజ్జా కావాలన్నా రాసి పంపుతాను. పచ్చ బటన్ నొక్కి, నేను ఆమె అంతస్తులోనే ఉండే అమ్మాయినని చెప్పాను.

అవతల ముసలి గొంతు. తొందర లేదు. లాకర్ తలుపు తెరిచే ఉందని, పర్సు కిందపడి ఉంటే తీసి గల్లా పెట్టెలో పెట్టానని, ఆమె వెతుక్కుంటుందేమోనని చేస్తున్నానని చెప్పాడు. తర్వాత అడిగాడు, తలనొప్పి ఇప్పుడెలా ఉంది అని.

నేను అక్క వైపు చూశాను. నుదురు చేతుల్లో పెట్టుకుని అలాగే ఉంది.

“ఇంకా ఉందండీ,” అన్నాను. రేపు పొద్దున అయిదింటికి పనికి వస్తుందని కూడా చెప్పాను.